అందరి పేర్లకూ మంగతాయారు మొహమే

నేను ఒక జింకు బ్లాకుని. మీలో చాలామంది ఆ మాటే విని ఉండరు. వినలేదని నేనేమీ నొచ్చుకోను. ఇప్పుడు ఫొటో అంటే వేలితో తాకితే పుడుతుంది, వేలితో తోస్తే పోతుంది. మా కాలంలో పేపర్లో ఒక మనిషి మొహం కనబడాలంటే పెద్ద తతంగం ఉండేది. ఆ మొహాన్ని జింకు రేకు మీదకి చుక్కలు చుక్కలుగా ఎక్కించాలి. రేకుని యాసిడ్ తొట్టిలో ముంచి, చుక్క లేని చోటల్లా తినిపించాలి. మిగిలినదాన్ని టేకు చెక్కకి మేకులతో బిగించాలి. అదే బ్లాకు. దాన్ని సీసం అక్షరాల పక్కన కూర్చోబెట్టి, సిరా పూసి, కాగితం అద్దితే మొహం పడేది. నేను యాసిడ్ తాగి పుట్టినదాన్ని. నా మాటలో కాస్త ఘాటు తగిలితే మీరే సర్దుకోవాలి.

నా రేకు మీద ఉన్నది పద్దెనిమిదేళ్ల అమ్మాయి. నుదుట తిలకం, తలలో కనకాంబరాలు, ముందుకు వేసుకున్న పొడుగాటి జడ. ఒళ్లో ఒక కప్పు. ఆ కప్పుని పట్టుకున్న తీరు చూస్తే పేరంటంలో వాయనం పుచ్చుకుంటోందేమో అనుకుంటారు. కాదు. అది రాష్ట్రస్థాయి కబడ్డీ కప్పు. ఆ అమ్మాయి పేరు వాసంశెట్టి మంగతాయారు. రామచంద్రపురం పిల్ల. కూతకి వెళ్తే అవతలి జట్టులో ఇద్దర్ని ముట్టుకుని గీత దాటి వచ్చేదాకా ఊపిరి వదలని పిల్ల. ఫైనల్లో ఆఖరి కూత ఆమెదే. మన జిల్లా ఆడపిల్లలు మొదటిసారి కప్పు తెచ్చారు.

ఫొటో తీసిన నాటికి నేనింకా పుట్టలేదు కాబట్టి ఆ ముచ్చట నేను చూడలేదు. తర్వాత మంగతాయారు నోట ఎన్నోసార్లు విన్నాను. కాకినాడలో ‘తూర్పుదివ్వె’ అని ఒక దినపత్రిక ఉండేది. వాళ్లు కబురు పెడితే తల్లీకూతుళ్లు బస్సెక్కి స్టూడియోకి వచ్చారు. మంగతాయారు చేతిలో గుడ్డసంచీ, అందులో జట్టు బట్టలు. ఫొటో అంటే ఆడుతున్న ఫొటోయే అనుకుంది పాపం. మగపిల్లల ఫొటోలు పేపర్లో అలాగే వస్తాయి కదా! గాలిలో ఎగురుతూ ఒకడు, బంతి కోసం నేల మీద పొర్లుతూ ఒకడు.

"కూతకెళ్లినట్టు నించుంటానండి, అలాగ తియ్యండి" అందట.

స్టూడియో రాయుడు కెమెరా నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, "అవన్నీ మగపిల్లలకమ్మా. ఆడపిల్లకి కూర్చున్న ఫొటోయే అందం. ఆ జడ ఇలా ముందుకేసుకో" అన్నాడట. తల్లి ఇంటి దగ్గరే కట్టి తెచ్చిన కనకాంబరాలు తీసి తలలో పెట్టింది. గుడ్డసంచీ ముడి విప్పకుండానే స్టూలు కింద ఉండిపోయింది.

అక్కడే ఉన్నారు పేరి సోమయాజులుగారు. పత్రికలో ఆటల పేజీ ఆయనది. దినఫలాలూ ఆయనవే, వాతావరణమూ ఆయనదే. మూడింటిలోనూ ఆయన చెప్పింది జరగకపోయినా ఎవరూ అడిగేవారు కారు. మంచి మనిషి. మగవాళ్ల ఆట గురించి రాయాలంటే ఎవరు ఎవర్ని ఎలా పడగొట్టారో అడిగి తెలుసుకునేవారు. మంగతాయారుని మాత్రం, "ఏం వంటలు వచ్చమ్మా?" అని అడిగారు. మంగతాయారు బెల్లంకొట్టిన రాయిలా నిలబడితే తల్లి అందుకుని, "పులిహోర బాగా కలుపుద్దండి, ఆయ్" అంది. ఆ పిల్ల పుట్టాక ఒక్కసారైనా పులిహోర కలిపిన పాపాన పోలేదు.

మర్నాటికి నన్ను చెక్కకి బిగించారు. ఆ మర్నాడు నేను అచ్చులోకి ఎక్కాను. ఆ అనుభవం ఇప్పటికీ మరువలేను. సిరా రోలరు చల్లగా నా మీదుగా దొర్లడం, వెంటనే కాగితం వచ్చి మొహానికి మొహం ఆనించడం, మెషీను దడదడకి పక్కనున్న సీసం అక్షరాలన్నీ వణకడం. నా నెత్తిన ఉన్న శీర్షిక ‘కప్పు గెలిచిన కన్నెపిల్లలు’. పక్క కాలమ్‌లో క్వార్టర్ ఫైనల్లోనే ఓడిపోయి వచ్చిన మగ జట్టుకి ‘గర్జించి నేలకొరిగిన గోదావరి సింహాలు’. నా కింద రాసింది ఇదీ: ‘కుమారి మంగతాయారు ఆటలోనే కాదు, పులిహోర కలపడంలోనూ దిట్ట. త్వరలో ఓ ఇంటి కోడలు కానున్న ఈమె...’ ఆఖరి కూత ఊసు ఎక్కడా లేదు. మంగతాయారు ఆ పేపరు పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్లి ఏడ్చిందట. మొహం బాగా పడింది కదే, ఎందుకేడుస్తావని తల్లి కోప్పడింది.

అచ్చయిన బ్లాకుని పారెయ్యరు. మళ్లీ పనికొస్తుందని కడిగి, తుడిచి, దాస్తారు. మా ఆఫీసులో చెక్క బీరువా ఉండేది. మగ ఆటగాళ్ల బ్లాకులకి అరలకి అరలు. ఒక్కొక్కడికి రెండేసి, మూడేసి భంగిమలు. ఆటగత్తెలకి అర లేదు, ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి. నన్ను పండగల బ్లాకుల అరలో, వినాయకుడి పక్కన పెట్టారు. ఆయనదీ నాలాంటి బతుకే. ఏ ఏటి చవితికైనా అదే బొమ్మ. కాని ఆయన్ని ఎప్పుడూ ఆయన పేరుతోనే వేశారు.

నా సంగతి వేరు. ఓ నాలుగు నెలలు తిరక్కుండానే రాజమండ్రిలో ఒక అమ్మాయి ఈతపోటీలో గెలిచింది. ఫొటో లేదు. సోమయాజులుగారు బీరువా తెరిచి నన్ను తీశారు. "ఒంటి కాలమ్ బొమ్మ, మసక అచ్చు. ఎవడు పోల్చుకుంటాడు? ఆడపిల్లే కదా, వెయ్యండి" అన్నారు. వేశారు. తలలో కనకాంబరాలతో, ఒంటి మీద తడి చుక్కైనా లేకుండా ఈత గెలిచాను నేను. అది మొదలు. ఆ తర్వాత ఖోఖోలో నేనే, చదరంగంలో నేనే, బాల్ బ్యాడ్మింటన్‌లో నేనే. తుని దగ్గర నడక పోటీలో అరవై ఏళ్ల పెద్దావిడ గెలిస్తే అక్కడా నేనే, నవయవ్వనంలో. ఒకసారి ముగ్గుల పోటీ వార్తకి కూడా నన్ను పెట్టబోయి, ముగ్గులు ఆటల పేజీలోకి రావని మానేశారు. నాకు అందరి పేర్లూ వచ్చాయి. నా పిల్ల పేరు మాత్రం మొదటి రోజు తర్వాత మళ్లీ నా కింద పడలేదు.

అక్కడ మంగతాయారు అవస్థ చెప్పాలా? బస్సులో ఎవరో పలకరించి, "నిన్న ఈతలో గెలిచారటగా" అనేవారు. ఆమెకి మోకాలు దాటి నీళ్లుంటే భయం. పులిహోర మాత్రం నిజంగానే మెడకి చుట్టుకుంది. పేపర్లో బొమ్మ చూసి ఒక సంబంధం వచ్చింది. కాకినాడ కాపురం, మంచి కుర్రాడు. కాపురానికి వెళ్లిన రోజున అత్తగారు పెద్ద పళ్లెంలో అన్నం ఆరబోసి, చింతపండు గుజ్జు ముందు పెట్టి, "కలుపమ్మా" అంది. ఆమె కలిపిందీ, వాళ్లు తిన్నదీ, ఆ తర్వాత ఆ ఇంట్లో పులిహోర మాట ఎవరూ ఎత్తనిదీ తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. పెళ్లయ్యాక ఆడడం మాన్పించారు. ఆడించడానికి మాత్రం ఒప్పుకున్నారు. అలా ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరయింది.

పన్నెండేళ్లు గడిచాయి. ఆ స్కూల్లో ఉప్పాడ నుంచి వచ్చే మేరుగు ఎస్తేరు అని ఒక పిల్ల. మాట తక్కువ, భుజబలం ఎక్కువ. దాని చేతికి ఈటె ఇచ్చి నేర్పింది మంగతాయారే. స్కూలు దాటాక కూడా పొద్దున్నే సముద్రపు ఒడ్డున నిలబెట్టి విసిరించేది. ఆ పిల్ల రాష్ట్ర పోటీల్లో మొదటి బహుమతి తెచ్చింది. వార్త పడింది. పైన ఎవరు? ఒళ్లో కప్పుతో నేను. ‘ఈటె విసిరిన ఎస్తేరు’ అని నా కింద. శిష్యురాలు గెలిస్తే గురువు మొహం అచ్చయింది.

ఆ పూట ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. ఆటగాళ్లని ఉద్యోగాల్లోకి తీసుకుంటున్నామని ఒక కంపెనీ పిలిస్తే ఎస్తేరు సర్టిఫికెట్టూ, పేపరు ముక్కా పట్టుకుని వెళ్లింది. అక్కడి అధికారి ముక్కని చూశాడు, పిల్లని చూశాడు. "పేరు ఇదే, మొహం ఇది కాదు. ఎవరి గెలుపు మోసుకొచ్చావమ్మాయ్? సోమవారంలోగా ఆ పేపరువాళ్ల చేతే చెప్పించుకు రా, లేకపోతే చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాం" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను సోమయాజులుగారి బల్ల మీదే ఉన్నాను. పిఠాపురం ఖోఖో వార్తకి నన్ను తీసి పెట్టుకున్నారు. గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డారు. వెనకున్న పిల్లని నేనెరగను. ముందున్నావిడని చూసి నా చుక్కలన్నీ ఝల్లుమన్నాయి. కాస్త ఒళ్లు చేసింది, జడ ముడి అయింది. కాని ఆ కళ్లు నావే.

"ఎవరమ్మా మీరు? ఏం పని?" అన్నారు సోమయాజులుగారు.

పన్నెండేళ్లుగా ఆ మొహాన్ని బీరువాలోంచి తీసి, తుడిచి, అచ్చుకి పంపిస్తున్న మనిషి! మంగతాయారు నన్ను చేతిలోకి తీసుకుని తన చెంప పక్కన పెట్టుకుంది. ఆవిడ చెయ్యి నాకు తగలడం అదే మొదలు.

"నేనెవరో తమరికి తెలీదాండి? నెలకి నాలుగుసార్లు నా మొహానికి సిరా పూస్తన్నారు గదండీ."

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. నన్నూ ఆమెనీ మార్చి మార్చి చూశారు. "ఓర్నీ! పులిహోర అమ్మాయివి కదూ?"

"కబడ్డీ అమ్మాయినండి" అంది మంగతాయారు. వచ్చిన పని చెప్పింది. ఎస్తేరు తలొంచుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

సోమయాజులుగారు ఇబ్బందిగా కదిలారు. "చూడు తల్లీ, ఆడవాళ్ల ఆటకి ప్రతిసారీ బ్లాకు చేయించమంటే పైవాళ్లు ఒప్పుకోరు. ఉన్నదేదో వేశాం. పేరు సరిగ్గానే వేశాంగా?"

"పేరొకటే ఆ పిల్లదండి. మొహం నాదండి. ఇప్పుడా పిల్లనే దొంగంటన్నారండి. మీరు తప్పు పడిందని ఒక్క ముక్కేస్తే చాలండి."

"సవరణా! మా పత్రికలో సవరణ పడిందంటే గ్రహణం వేళ తప్పు పడ్డప్పుడేనమ్మా. అందులోనూ ఇన్నేళ్లుగా ఒకే బొమ్మ తిప్పుతున్నామని తెలిస్తే నలుగురూ నవ్వరూ?" ఆయన కాసేపు పెన్సిలుతో బల్ల మీద కొట్టారు. తర్వాత గొంతు తగ్గించారు. "పోనీ ఒక పని చేద్దాం. నీకు అన్యాయం జరిగింది, ఒప్పుకుంటాను. ఆ రోజు స్టూడియోలో ఆడుతున్నట్టు తియ్యమని అడిగావు, గుర్తుంది నాకు. రేపే రాయుణ్ణి మైదానానికి పంపిస్తాను. కూతకెళ్తున్నట్టు తీయిద్దాం. ‘నాటి కబడ్డీ కెరటం’ అని రెండు కాలమ్‌లలో నీ పేరుతో వేస్తాను. ఈ సవరణ మాట మాత్రం వదిలెయ్."

ఆవిడ చేతిలోనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది. వేళ్లు ఒక్కసారి బిగుసుకున్నాయి. విప్పని గుడ్డసంచీ ముడి పన్నెండేళ్ల తర్వాత విప్పుతామంటున్నారు. అడగకుండానే అమ్మవారు వరమిస్తానన్నట్టు ఉంది. ఒప్పుకో పిల్లా, అని నేనే లోపల గింజుకున్నాను. నాకూ ఆశే మరి. ఆ బొమ్మ వస్తే నా బతుక్కి విశ్రాంతి.

మంగతాయారు వెనక్కి తిరిగి ఎస్తేరుని చూసింది. ఎస్తేరు తలెత్తలేదు.

"నాకొద్దండి" అంది. "నా ఆట అయిపోయిందండి, ఆ పిల్లది ఇప్పుడే మొదలయింది. రాయుడు గారిని రేపు పంపండి. పంపితే ఈటె విసురుతుండగా తియ్యాలండి, కూర్చోబెట్టి కాదు. కింద దాని పేరెయ్యాలి. సవరణ అనకపోయినా పర్లేదండి, సోమారం పొద్దున్న పేపర్లో అది ఉండాల."

సోమయాజులుగారు పెన్సిలు బల్ల మీద పెట్టేశారు. ఆఖరికి, "అలాగేలే" అన్నారు.

"ఈ బ్లాకు నాకిచ్చెయ్యండి మరి."

"అది ఆఫీసు సొత్తమ్మా. రేపు ఇంకో ఆడపిల్లల వార్త వస్తే నేనేం వెయ్యను?"

"ఆ ఆడపిల్లనే వెయ్యండి" అంది మంగతాయారు.

ఆయన నన్ను ప్రూఫు కాగితంలో చుట్టి ఇచ్చారు. అలా నేను పండగల అర వదిలి నా మనిషి ఇంటికి చేరాను. సోమవారం పేపరు నా ముందే విప్పారు. ఎస్తేరు రెండు కాలమ్‌లలో, చెయ్యి వెనక్కి లాగి, నోరు తెరిచి, జుట్టు చెదిరి, ఇంకో క్షణంలో ఈటె వదిలేస్తుందనేలా ఉంది. ఆడపిల్ల బొమ్మ అలా పడడం ఆ పత్రికలో అదే మొదలు. ఉద్యోగం వచ్చింది. కాని అలవాటు ఎక్కడికి పోతుంది? బొమ్మ కింద సోమయాజులుగారి రాత ఇలా ముగిసింది: ‘ఎస్తేరు ఈటెలోనే కాదు, చేపల పులుసులోనూ చేయి తిరిగినది.’

ఇంకో మూడేళ్లకి ఒకనాడు మంగతాయారు పేపరు చూస్తూ పొట్ట పట్టుకుని నవ్వింది, కళ్లనీళ్లొచ్చేదాకా. టేబుల్ టెన్నిస్ గెలిచిన అమలాపురం అమ్మాయి వార్త మీద మన ఎస్తేరు ఈటె విసురుతోంది. సోమయాజులుగారు నమ్మిన పద్ధతిని చచ్చినా వదలరు. ఆ తర్వాత కొత్త మెషీన్లు వచ్చాయి, బ్లాకులతో పని లేకపోయింది. మా బీరువా మొత్తం తుక్కు కింద పోయిందని విన్నాను. ఎగిరేవాళ్లు, పొర్లేవాళ్లు, సింహాలు, వినాయకుడు, ఎస్తేరు, అందరూ ఒకే మూకుట్లో కరిగారు. ఆ మాట విన్న రోజున నాకు ఏమీ తోచలేదు. వాళ్లతో తగాదాలున్నా ఒక బీరువా వాళ్లం. ఆ సిరా వాసన, తెల్లారేసరికి ఊరంతా పరుచుకునే నా మొహం, అవన్నీ ఇప్పటికీ కలలోకి వస్తాయి. అబద్ధమైన వైభవమే, ఒప్పుకుంటాను. అయినా వైభవం వైభవమే కదా.

ఈ ఇంట్లో నా పని పెరటి కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా ఆపడం. సుఖమైన ఉద్యోగం. మంగతాయారుకి డెబ్భై దాటాయి. కూతురు ఇదే వీధిలో ఉంటుంది. మనవరాలు లోహిత స్కూలు వదలగానే ఇక్కడికే వస్తుంది. అది కూడా కబడ్డీయే. మొన్న దాని జట్టు జిల్లా పోటీ గెలిస్తే పేపర్లో రంగుల బొమ్మ వేశారు. నలుగురు కలిసి ఒకామె కాలు పట్టుకుని లాగుతున్నారు, దుమ్ము లేస్తోంది. మంగతాయారు ఆ బొమ్మని చాలాసేపు నిమిరింది. కింద వార్తలో, జట్టు నాయకురాలు చదువునీ ఇంటిపనినీ ఆటనీ ఎలా సమన్వయం చేసుకుంటోందో రాశారు. పులిహోర పేరు మార్చుకుంది, అంతే.

"అమ్మమ్మా, నువ్వాడుతున్న ఫొటో ఒక్కటి చూపించవే" అంది లోహిత.

"లేదే."

"ఒక్కటీ లేదా? పేపర్లో అన్నిసార్లు పడ్డావన్నావుగా?"

"పడ్డాను. కూర్చుని" అంది మంగతాయారు. కిటికీలోంచి నన్ను తీసి దాని చేతిలో పెట్టింది. పిల్ల నన్ను వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూసింది. దాని మొహం చిన్నబోయింది. తర్వాత ఫోను బయటికి తీసింది.

"ఇప్పుడాడు. నేను తీస్తాను."

"పోవే! నడుం పట్టేస్తే మీ అమ్మ నన్ను చంపుద్ది" అంటూనే లేచింది మంగతాయారు. పెరట్లోకి వెళ్లి కాలితో మట్టి మీద గీత గీసింది. చీర కుచ్చిళ్లు పైకి దోపింది, కొంగు నడుముకి బిగించింది. నాలుగడుగులు వేసి ఆగింది. "అదుగో, దాన్ని ఇటు తిప్పి పెట్టు. యాభై ఏళ్లుగా కూర్చునే ఉంది పాపం, అదీ చూడనీ."

లోహిత నన్ను కిటికీలో పెరటివైపు తిప్పి నిలబెట్టింది. పరుగున వెళ్లి గీతకి అవతల నిలబడి ఫోను ఎత్తింది. మంగతాయారు వంగి, నేలని తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుంది. కూత మొదలెట్టింది. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." గొంతు సన్నగా ఉంది, కాని తెగడం లేదు. అడుగు ముందుకి, వెనక్కి, పక్కకి. నా ఒంటి మీదున్న ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల ఒళ్లో కప్పుతో కదలకుండా కూర్చునే ఉంది. ఆ పిల్లకి కాళ్లున్నాయని నాకు అప్పటిదాకా తెలీదు. రేకు మీద ఒడి కిందకి లేదు మరి.

లోహిత మొదట నవ్వుతూ ఫోనులోంచి చూసింది. ముసలావిడ ఎడమవైపు వెళ్తున్నట్టు భుజం విసిరి కుడివైపు వచ్చేసరికి నవ్వు ఆగింది. ఫోను గడ్డిలోకి పడింది. పిల్ల రెండు చేతులూ చాచి కాలు పట్టుకోబోయింది. మంగతాయారు ఆ భుజాన్ని చరిచి, తిరిగి, కూత తెగకుండా గీత దాటి వచ్చి, అరుగు మీద కూలబడింది.

కాసేపు రొప్పింది. తర్వాత అడిగింది. "తీసేవా?"

"ఎక్కడ తియ్యనిచ్చేవు?" అంది లోహిత భుజం రుద్దుకుంటూ. "పట్టుకుందావనుకునే లోపే అవుట్ చేసి పారేసేవుగా!"

మంగతాయారు తల వెనక్కి వాల్చి నవ్వింది. పేపరు మొదటిసారి చూసి ఏడ్చినావిడే, టేబుల్ టెన్నిస్ వార్త చూసి నవ్వినావిడే, కాని ఈ నవ్వు మాత్రం నేనెప్పుడూ వినలేదు. మళ్లీ ఆడమని పిల్ల బతిమాలింది. ఊపిరి లేదు పొమ్మంది.

అందుచేత వాసంశెట్టి మంగతాయారు ఆడుతున్న ఫొటో ఇవాళ్టికీ ఈ లోకంలో ఎక్కడా లేదు. మీరు నా మాట నమ్మాలి. నేను చూశాను.